ఆపా శ్వాస నేర్పిన పాఠం

గత సంవత్సరం షాబాన్ నెలలో ఒకనాడు ఫజర్ నమాజు ముగించుకొని, మా పెద్దారవీడులోనే నివసించే మా ఆపా ఇంటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో నులకమంచం మీద కూర్చొని ఉంది. చేతులు మోకాళ్ళ మీద ఆనించి, లోతుగా, వేగంగా, విరామం లేకుండా ఊపిరి తీసుకుంటోంది. పరుగెత్తి వచ్చిన మనిషి శ్వాస అలా ఉంటుంది. కానీ ఆమె మంచం దిగనేలేదు.

నేను దానిని నిట్టూర్పు అనుకున్నాను. అలా అనుకోవడానికి కారణం ఉంది. బావగారు అల్లాహ్ సన్నిధికి చేరి అప్పటికి మూడేళ్ళు. ఆయన వదిలివెళ్ళిన పొలం విషయంలో ఇద్దరు కొడుకుల మధ్య తగవు. అత్తవారింట ఉన్న కూతురి ప్రస్తావన ఇద్దరూ ఎత్తరు. తల్లి వాటా ఊసే లేదు. ఆపా ఎవరినీ పల్లెత్తు మాట అనదు. పెద్దవాడు వచ్చి అరిస్తే వింటుంది, చిన్నవాడు వచ్చి అలిగితే వింటుంది, కూతురు ఫోనులో ఏడిస్తే ఓదారుస్తుంది. ఆ బాధే శ్వాసగా బయటికి వస్తోందని భావించి, ఎప్పటిలాగే “సబర్ చెయ్యి ఆపా” అన్నాను. ఆమె తల ఊపింది. నేను మద్రసాకు వెళ్ళిపోయాను.

మూడు రోజుల తరువాత ఆమెకు వాంతులు మొదలయ్యాయి. అన్నం సయించలేదు. మార్కాపురంలో చూపించాము. అక్కడి వైద్యుడు రక్తపరీక్ష కాగితం చూసి, ఆలస్యం చేయక గుంటూరు తీసుకువెళ్ళమన్నాడు. గుంటూరులో మూత్రపిండాల వైద్యుడు మొదట కాగితం చూడలేదు. ఆపా ఛాతీ వంక, ఆమె శ్వాస వంక కొద్దిసేపు చూశాడు. “ఎన్నాళ్ళ నుంచి ఇలా ఊపిరి తీస్తున్నారు?” అని అడిగాడు. నేను, “మనసులో బాధ ఉందండీ, నిట్టూరుస్తూ ఉంటుంది” అన్నాను. ఆయన నెమ్మదిగా, “ఇది నిట్టూర్పు కాదు మౌల్వీగారూ. వీరి మూత్రపిండాలు చేయవలసిన పనిని ఊపిరితిత్తులు చేస్తున్నాయి” అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఆయన చెప్పినదీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను. మన ఇళ్ళలో ఇటువంటి ఆపాలు, అమ్మీలు ఎందరో ఉన్నారు. వారి శ్వాసను నిట్టూర్పుగా పొరబడే నావంటి సోదరులూ ఉన్నారు.

మనం తినే ప్రతి ముద్ద, వేసే ప్రతి అడుగు శరీరంలో ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఇందులో దోషమేమీ లేదు. పొయ్యి వెలిగితే పొగ వచ్చినట్టే, జీవం నడుస్తుంటే ఆమ్లం వస్తుంది. అన్నం, రొట్టె, నూనె ఒంట్లో ఖర్చయినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది నీటిలో కలిస్తే కార్బానిక్ ఆమ్లం. ఒక మనిషి ఒంట్లో రోజుకు ఈ వాయువు అరకిలోకు పైగా తయారవుతుంది. మాంసం, గ్రుడ్లు, పప్పులలోని మాంసకృత్తుల నుంచి మరికొంత ఆమ్లం పుడుతుంది. అది గంధకామ్లం వంటిది, వాయువుగా మారి పోయేది కాదు. పరిమాణంలో చాలా తక్కువే అయినా, దానికి మూత్రం తప్ప వేరే దారి లేదు.

ఇంత ఆమ్లం పుడుతున్నా, రక్తం మాత్రం స్వల్ప క్షారగుణం కలిగి ఉంటుంది. ఆమ్ల, క్షార గుణాలను కొలవడానికి డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. అందులో 7 తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా వస్తే పది రెట్ల తేడా అని అర్థం. మన కడుపులోని జఠరరసం పీహెచ్ ఒకటి, రెండు ప్రాంతంలో ఉంటుంది. దానికి జానెడు దూరంలో ప్రవహించే రక్తం పీహెచ్ మాత్రం 7.35 నుంచి 7.45 మధ్యనే నిలవాలి. 6.8 కంటే దిగినా, 7.8 కంటే పెరిగినా ప్రాణం నిలవడం దుర్లభం. రోజంతా ఆమ్లం పుట్టే ఒంట్లో ఈ సన్నని గీత మీద రక్తం డెబ్బై, ఎనభై ఏళ్ళు నడుస్తుంది. మనం నిద్రలో ఉన్నా నడుస్తుంది, అలా నడిపించే ప్రభువును మరచి ఉన్నా నడుస్తుంది.

ఇది ఎలా సాధ్యమని వైద్యుడిని అడిగాను. ఆయన, “మీ ప్రాంతంలో కంభం చెరువు ఉంది కదా” అని మొదలుపెట్టారు.

కంభం చెరువు మాకు దూరం కాదు. నల్లమల కొండల నడుమ గుండ్లకమ్మ, జంపలేరు నీటిని పట్టి నిలిపే ఆ చెరువు విజయనగర కాలం నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కొండల్లో కుండపోతగా వాన పడి వరద ఒక్కసారిగా వస్తుంది. చెరువు దానిని తన కడుపులో పెట్టుకుంటుంది. కాబట్టి దిగువ ఊళ్ళు మునగవు. రక్తంలో ఆ పని చేసే పదార్థం బైకార్బొనేట్. ఆమ్లం తెచ్చిపెట్టే హైడ్రోజన్ అయాన్ రక్తంలోకి రాగానే బైకార్బొనేట్ దానిని తనలో కలుపుకుంటుంది. ఆమ్లం వచ్చింది, కానీ దాని ఘాటు రక్తానికి తగలలేదు. వైద్యశాస్త్రంలో దీనినే బఫర్ అంటారు.

ఈ నిల్వ ఎంతటిదో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే ఒక్కొక్క హైడ్రోజన్ అయాన్‌కు ఎదురుగా సుమారు ఆరు లక్షల బైకార్బొనేట్ అయాన్లు సిద్ధంగా ఉంటాయి. బైకార్బొనేట్ ఒంటరిది కూడా కాదు. రక్తాన్ని ఎర్రగా ఉంచే హీమోగ్లోబిన్, రక్తంలోని ఇతర మాంసకృత్తులు, ఫాస్ఫేట్లు ఆ పనిలో దానికి తోడుగా నిలుస్తాయి. ఫాస్ఫేట్లలో ఉండే భాస్వరాన్ని రక్తంలోనూ మూత్రంలోనూ కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి అమెరికాలోని హార్వర్డ్‌లో రూపొందించినవాడు భీమవరంలో పుట్టిన మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. అంతకు ముందు 1908లో అదే హార్వర్డ్‌లో హెండర్సన్ బైకార్బొనేట్ లెక్కను తేల్చాడు. 1916లో డెన్మార్క్ వైద్యుడు హాసెల్‌బాల్క్ దానిని పీహెచ్ భాషలోకి మార్చాడు. నేటికీ వైద్యవిద్యార్థులు నేర్చుకునే సమీకరణం ఆ ఇద్దరి పేరుతోనే ఉంది.

అయితే వైద్యుడు అసలు విషయం ఆ తరువాత చెప్పారు. “చెరువు వరదను పట్టి ఉంచుతుంది, అంతే. మాయం చేయదు. అలుగు పారాలి, తూము నడవాలి. అవి మూసుకుపోతే ఎంత పెద్ద చెరువైనా ఎన్నాళ్ళు ఆగుతుంది?”

మన ఒంట్లో అలుగు వంటివి ఊపిరితిత్తులు. బైకార్బొనేట్, ఆమ్లం కలిసినప్పుడు చివరకు నీరు, కార్బన్ డయాక్సైడ్ మిగులుతాయి. ఆ వాయువును ఊపిరితిత్తులు బయటికి నెట్టివేస్తాయి. రక్తంలో ఆమ్లం పెరిగితే మెదడుకు క్షణాల్లో కబురు అందుతుంది. నిమిషాల్లో శ్వాస లోతుగా, వేగంగా మారుతుంది. ఎగువన వరద ఎక్కువైతే అలుగు ఉధృతంగా పారినట్టే ఇదీను.

తూము వంటివి మూత్రపిండాలు. వాటి పని నిదానం, కానీ మూలమైనది. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులోని విలువైన బైకార్బొనేట్‌ను దాదాపు మొత్తం తిరిగి రక్తానికి అప్పగిస్తాయి. మాంసకృత్తుల నుంచి పుట్టిన ఆమ్లాన్ని మూత్రంలోకి పంపి, ఖర్చయిన బైకార్బొనేట్ స్థానంలో కొత్తది తయారుచేస్తాయి. అంటే చెరువులో రేపటి వరదకు చోటు చేసి పెడతాయి. ఊపిరితిత్తులు వాయువును పంపగలవు గాని, ఖర్చయిన నిల్వను తిరిగి పుట్టించలేవు. అది మూత్రపిండాలకే సాధ్యం.

ఆపా మూత్రపిండాలు ఆ పనిని చాలావరకు మానివేశాయి. ఆరోగ్యవంతుల రక్తంలో లీటరుకు 24 దరిదాపుల్లో ఉండవలసిన బైకార్బొనేట్ ఆమెలో 13కు దిగింది. పాపం ఊపిరితిత్తులు రాత్రింబవళ్ళు ఆ లోటును పూడ్చాలని చూస్తున్నాయి. నేను “సబర్ చెయ్యి” అని చెప్పి వచ్చిన ఆ ఉదయం కూడా ఆమె ఒళ్ళు అదే శ్రమలో ఉంది.

“మా వైపు నీళ్ళు మంచివి కావండీ” అన్నాను వైద్యునితో. మా పశ్చిమ ప్రకాశంలో ఏ రోగం వచ్చినా మొదట వచ్చే మాట అదే. అది ఊరక పుట్టిన మాట కాదు. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాల ప్రజల ఎముకలను బావి నీటిలోని ఫ్లోరైడ్ ఎలా వంచుతున్నదో 1937లోనే వైద్య పరిశోధకులు లోకానికి తెలిపారు. వెలిగొండ నీటి కోసం మా ఊళ్ళు ఎదురుచూడడంలోనూ ఆ బాధ ఉంది. వైద్యుడు నా మాటను కాదనలేదు. కాని రెండు ప్రశ్నలు వేశారు. “రక్తపోటు ఎప్పుడు చూపించారు? మోకాళ్ళ నొప్పులకు ఏం వాడుతున్నారు?”

రక్తపోటు ఆరేళ్ళ క్రితం ఒకసారి చూపించాము. ఎక్కువ ఉందన్నారు. మందులు ఒక నెల వాడి మానేసింది. ఎందుకు మానేసిందని మాలో ఎవరూ అడగలేదు. ఇక మోకాళ్ళ నొప్పులకు దుకాణంలో దొరికే నొప్పి మాత్రలు. రోజుకు ఒకటి, పొలం పనుల రోజుల్లో రెండు. ఏళ్ళ తరబడి. ఆ మాత్రల్లో సగానికి పైగా నేనే కొని తెచ్చి ఇచ్చాను. నమాజులో రుకూ, సజ్దా చేయలేకపోతున్నానని ఆమె బాధపడితే, సేవ చేస్తున్నాననుకొని తెచ్చి ఇచ్చాను. అదుపులో లేని రక్తపోటు, మధుమేహం, విచక్షణ లేకుండా వాడే నొప్పి మాత్రలు మూత్రపిండాలను నిశ్శబ్దంగా తినేస్తాయని ఆ రోజు వైద్యుడు చెబుతుంటే నేను తల వంచుకొని విన్నాను. నీళ్ళ మీద నెపం పెట్టి లేచి రాలేకపోయాను.

ఆయన వ్రాసిన మందులలో సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఉన్నాయి. అంటే మన వంటింట్లో ఉండే తినే సోడాయే. ఇంత పెద్ద రోగానికి సోడాయా అని నాకు సందేహం కలిగింది. ఆ తరువాత చదివితే, ఈ సోడా చరిత్ర చిన్నది కాదని తెలిసింది. 1831లో బ్రిటన్‌లో కలరా ప్రబలినప్పుడు ఓషానెస్సీ అనే యువ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, ఉప్పులు, క్షారం తగ్గిపోయాయని గ్రహించాడు. ఆ మరుసటి ఏడే స్కాట్లండ్‌లో లాటా అనే వైద్యుడు ఉప్పు, సోడా కలిపిన నీటిని రోగుల నరాల్లోకి ఎక్కించి కొందరిని బ్రతికించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో కలరా విజృంభించినప్పుడు, వైద్యుడు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, తినే సోడా నీటిలో కలిపి త్రాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. మన పిల్లలకు విరేచనాలైతే మనం పట్టించే ఓఆర్‌ఎస్ పొట్లానికి మూలం అదే.

అలాగని సోడా సర్వరోగ నివారిణి అని ఎవరూ భ్రమపడవద్దు. అందులో సోడియం ఉంది. సొంతంగా మింగితే రక్తపోటు పెరుగుతుంది, ఒళ్ళు నీరు పట్టవచ్చు. ఎవరికి, ఎంత అన్నది రక్తపరీక్ష చూసి వైద్యుడే నిర్ణయించాలి. అదేవిధంగా రక్తాన్ని క్షారంగా మారుస్తామంటూ అమ్మే ఖరీదైన నీళ్ళ సీసాల మాట కూడా నమ్మవలసినది కాదు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రక్తం పీహెచ్‌ను మనం త్రాగే నీటికి వదిలిపెట్టవు. వాటిని కాపాడుకోవడమే మన పని.

“ఆల్కలీ” అన్న మాట ఆ కాగితాల్లో కనిపించినప్పుడు ఒక్క క్షణం నా మనసు మద్రసాకు వెళ్ళింది. అది అరబీ పదం, “అల్ ఖలీ”. చవిటి నేలల్లో పెరిగే మొక్కలను కాల్చిన బూడిదకు ఆ పేరు. దానితో సబ్బు, గాజు చేసేవారు. మా పెద్దలు చవుడు మట్టితో బట్టలు ఉతికించిన జ్ఞాపకం నాకూ ఉంది. ఇబ్నె సీనా తన “ఖానూన్” గ్రంథంలో మిజాజ్ గురించి, అంటే ఒంటిలోని గుణాల మేళవింపు గురించి విస్తారంగా చర్చించారు. నేటికీ మనం ఒకరినొకరు “మిజాజ్ ఎలా ఉంది?” అని కుశలం అడుగుతాము. అడుగుతాము గాని, జవాబు వింటామా? ఆపాను నేను ప్రతిరోజూ అడిగాను. ఆమె “అల్‌హమ్దులిల్లాహ్” అనేది. నేను ముందుకు సాగిపోయేవాడిని.

ఇంటికి వచ్చాక రమజాన్ దగ్గరపడింది. ఆపా ఉపవాసాలు ఉంటానన్నది. వైద్యుడు కూడదని స్పష్టంగా చెప్పాడు. నీరు తగ్గితే మిగిలి ఉన్న కాస్త మూత్రపిండాల శక్తి కూడా పోవచ్చునన్నాడు.

“తమ్ముడూ, నలభై ఏళ్ళకు పైగా రోజాలు ఉన్నాను. ఊరంతా ఉపవాసం ఉంటే నేను పట్టపగలు నీళ్ళు తాగి మందు మింగనా? నాకు సిగ్గుగా ఉంటుంది” అన్నది.

“ఆపా, ఉపవాసం ఉండమని ఆజ్ఞాపించినవాడే రోగికి మినహాయింపు ఇచ్చాడు. ఆ ఆజ్ఞను నెత్తిన పెట్టుకుని ఈ మినహాయింపును పక్కన పెడితే, అది భక్తి ఎలా అవుతుంది?” అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు వైద్యుడు చెప్పిన చెరువు సంగతి చెప్పాను. ఆరోగ్యవంతులు ఉపవాసం ఉన్నప్పుడు మధ్యాహ్నానికి ఒంట్లోని కొవ్వు కరగడం మొదలవుతుంది. దానివల్ల కూడా కొంత ఆమ్లం పుడుతుంది. కాని వారి చెరువులో చోటుంది. ఆ కాస్త వరదను అది అవలీలగా పట్టి ఉంచి, ఇఫ్తార్ తరువాత సర్దుకుంటుంది. అందుకే రోజా వారికి భారం కాదు. “నీ చెరువు అంచు దాకా నిండి ఉంది ఆపా. ఇంకొక్క వానకు కట్ట నిలవదు” అన్నాను. కోలుకుంటారన్న ఆశ ఉన్న రోగి ఆ రోజాలను తరువాత ఖజా చేయాలి. ఆ ఆశ లేని దీర్ఘరోగి ఒక్కొక్క రోజాకు ఒక పేదకు భోజనం పెట్టి ఫిద్యా ఇవ్వాలి. ఈ మసాయిల్ నేను పిల్లలకు ఎన్నోసార్లు బోధించాను. సొంత తోబుట్టువుకు చెప్పేటప్పుడే వాటిలోని కారుణ్యం నాకు తెలిసివచ్చింది.

ఆపా చాలాసేపు మౌనంగా ఉంది. తరువాత నన్ను ఒక ప్రశ్న అడిగింది. “చెరువు నిండితే తూము తియ్యాలన్నావు. మరి నాకు మూడేళ్ళుగా సబరే చెప్పావు గాని, తూము సంగతి ఎప్పుడైనా చెప్పావా తమ్ముడూ?”

ఆమె కోపంతో అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఖుర్ఆన్ తెరిచి ఆలి ఇమ్రాన్ సూరాలోని 134వ ఆయత్ దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న ఆయత్ అది. కోపాన్ని దిగమింగేవారిని సూచించే “కాజిమీన్” అనే పదం అందులో ఉంది. “కజ్మ్” అంటే నీటితో నిండిన తోలుసంచి మూతిని బిగించి కట్టడమని మా ఉస్తాద్ నేర్పారు. ఆ మాట చెప్పి నేను ప్రతిసారీ పాఠం ముగించేవాడిని. కాని ఆయత్ అక్కడ ముగియదు. దాని వెంటనే క్షమ గురించి వస్తుంది, ఆ తరువాత మేలు చేయడం గురించి వస్తుంది. క్షమకు వాడిన “అఫ్వ్” అనే పదానికి మూలార్థం చెరిపివేయడం. ఇసుక మీది అడుగుజాడలను గాలి చెరిపివేయడానికి అరబ్బులు అదే క్రియను వాడతారు. చివర వచ్చేది “ఇహ్‌సాన్”, కొత్తగా ఒక మంచిని పుట్టించడం.

ఈ ఆయత్‌లో రసాయనశాస్త్రం ఉందని నేను అనడం లేదు. అలా అనడం ఖుర్ఆన్‌కూ న్యాయం కాదు, శాస్త్రానికీ న్యాయం కాదు. ఇది తఫ్సీర్ కూడా కాదు. దోషిగా కూర్చున్న ఒక తమ్ముడి మనసుకు ఆ రాత్రి తోచిన పోలిక మాత్రమే. దిగమింగడం మొదటి మెట్టు. ఆమ్లాన్ని బైకార్బొనేట్ తనలో కలుపుకోవడం వంటిది. తరువాత అది గాలితో పాటు వెళ్ళిపోవాలి. ఆపైన ఖర్చయిన మంచి మళ్ళీ పుట్టాలి. మొదటి మెట్టు దగ్గరే మనిషిని నిలబెట్టి, పై రెండు మెట్లకు దారి మూసివేస్తే, అది సబర్ బోధ అవుతుందా? ఆమె క్షమించాలంటే అవతలివారు తప్పు ఆపాలి కదా! ఆమె నిల్వ మళ్ళీ నిండాలంటే ఎవరో ఒకరు ఆమెకు మేలు చేయాలి కదా!

వైద్యుడు చెప్పిన మరొక మాట అప్పుడే గుర్తుకు వచ్చింది. ఆమ్లం నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండి, రక్తంలోని నిల్వ చాలనప్పుడు, శరీరం ఎముకలను ఆశ్రయిస్తుందట. ఎముకలోని క్షార లవణాలను కొంచెం కొంచెంగా కరిగించి రక్తాన్ని కాపాడుకుంటుందట. పైకి మనిషి బాగానే కనిపిస్తుంది. లోపల ఎముక గుల్లబారుతూ ఉంటుంది. మా కుటుంబం మూడేళ్ళుగా ప్రశాంతంగా ఉందని నేను పదిమందికీ చెప్పుకున్నాను. ఆ ప్రశాంతత ఎవరి ఎముకల నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

మరునాడు అసర్ నమాజు తరువాత మేనల్లుళ్ళు ఇద్దరినీ పిలిచాను. మేనకోడలిని కూడా రప్పించాను. ఒక కాగితం మీద లెక్క వ్రాసి చూపించాను. సంతానం ఉన్న భర్త మరణిస్తే భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదానిలో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. మొత్తం ఆస్తిని నలభై భాగాలు చేస్తే తల్లికి అయిదు, ఒక్కొక్క కొడుకుకు పద్నాలుగు, కూతురికి ఏడు. “ఇది నా తీర్పు కాదు, మనం నమ్మిన ధర్మం చెప్పిన లెక్క. మూడేళ్ళ క్రితమే మీ ముందు పెట్టవలసిన కాగితం ఇది. పెట్టకపోవడం నా తప్పు” అన్నాను.

పెద్దవాడు, “మామూ, అమ్మీ ఎప్పుడూ అడగలేదు కదా” అన్నాడు.

“అడగలేదు. ఆమె శ్వాస విను” అన్నాను.

ఇంట్లో అప్పుడు వేరే చప్పుడు లేదు. లోపలి గదిలో ఆపా శ్వాస అందరికీ వినిపించింది. చిన్నవాడు ముందుగా లేచి తల్లి దగ్గరికి వెళ్ళాడు. వ్యవహారం ఆ ఒక్కరోజుతో తెమిలిందని చెప్పను. మాటలు పడ్డాయి, ఒకరోజు పెద్దవాడు అలిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చాడు. రమజాన్ చివరి పది రోజుల్లో కొలతలు పూర్తయ్యాయి. కూతురి ఏడు భాగాలకు హద్దురాళ్ళు నాటారు.

ఆపా ఆ నెల రోజాలు ఉండలేదు. ఒక్కొక్క రోజుకు ఫిద్యా బియ్యాన్ని తానే కొలిచి, ఒక్కొక్క సంచిలో పోసి, ముప్పై సంచులు గోడవారగా పెట్టించింది. ప్రతి సాయంత్రం ఒక సంచి ఒక పేద ఇంటికి వెళ్ళేది. ఇఫ్తార్ వేళకు మా అందరితో పాటు దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని చేతులెత్తి దుఆ చేసేది. మూడు నెలల తరువాత చేసిన పరీక్షలో బైకార్బొనేట్ 21కి వచ్చింది. అది మాత్రల ఫలితం, పథ్యం ఫలితం, అన్నింటికీ పైన అల్లాహ్ దయ. మూత్రపిండాలు బాగుపడలేదు. అవి ఇక బాగుపడేవి కావని వైద్యుడు చెప్పారు. ఒకనాటికి డయాలసిస్ తప్పకపోవచ్చు. కాని శ్వాస నెమ్మదించింది. ఇప్పుడు ఆమె మంచం మీద కూర్చొని ఉంటే, ఊపిరి తీస్తున్నట్టే తెలియదు. శ్వాస అంటే అలా తెలియకుండా నడవాలి.

ప్రియమైన సోదర సోదరీమణులారా! నలభై దాటిన ప్రతివారికీ, ముఖ్యంగా ఇంటి స్త్రీలకు, ఏడాదికి ఒకసారి రక్తపోటు, షుగరు, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. వాటికయ్యే ఖర్చు ఒక విందు ఖర్చులో ఎన్నో వంతు? నొప్పి మాత్రలు వైద్యుని సలహా లేకుండా వాడనివ్వకండి. రక్తపోటు మందులు మానేసినవారు ఎందుకు మానేశారో కూర్చొని అడగండి. ఇంట్లో ఎవరైనా పరుగెత్తకుండానే పరుగెత్తినట్టు ఊపిరి తీస్తుంటే, దానిని నిట్టూర్పు అనుకొని సబర్ చెప్పి వెళ్ళిపోకండి. ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

అది నిజంగా నిట్టూర్పే అయినా సరే, సబర్ చెప్పి వెళ్ళిపోకండి. ఆగి, ఎందుకని అడగండి.

మన దేహాలలో సమతూకాన్ని నిలిపిన ఆ ప్రభువు, మన ఇళ్ళలో కూడా దానిని నిలిపే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! మన రోగులందరికీ స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.